బంద్ రోజుల పోలీసుల మీద సినిమా తీయాలనుకునేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవి

2013 సమైక్యాంధ్ర గొడవలప్పుడు తిరుపతిలో ఒక స్టేషన్ కానిస్టేబుళ్ళు ఎట్లా గడిపినారు అనే కథతో మేం కొంతమంది కలిసి ఒక చిన్న సినిమా తీసినాం, మాటలు నేను రాసినా. మా నాన్న రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ కాబట్టి సగం సినిమా మా ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. అది ఊర్లో నాలుగు చోట్ల వేసినప్పట్నుంచి షార్ట్ ఫిల్మ్ పిల్లోళ్ళు ఫోన్లు చేస్తానే ఉండారు, అవే ప్రశ్నలు, కొందరైతే రాత్రి పదకొండుకి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టేస్తున్నా. మీకు కావాల్సింది చూసుకోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## కథ దగ్గర

అన్నా, పోలీసుల వైపు నుంచి కథ చెప్తే ఉద్యమం చేసినోళ్ళని విలన్లు చేసినట్టు అవదా?

అవుతుంది, మీరు రోడ్డుకి ఒక పక్కనే కెమెరా పెడితే. కానీ మన ఊర్లో తాడుకి ఇవతల నిలబడినోడు, అవతల నినాదాలు ఇచ్చేవాడు ఒకే వీధిలో ఉంటారు, ఒకే స్కూల్లో పిల్లల్ని చేర్పించి ఉంటారు. 2013లో రోడ్ల మీద వంటావార్పు పెట్టినప్పుడు పెద్ద పెద్ద గిన్నెల్లో ఉప్మా చేసి ముందు బందోబస్తు పోలీసులకే పెట్టినారు, మా నాన్న తిన్నాడు కూడా. తిన్న రెండు గంటలకి అదే జనాన్ని పక్కకి తోయమని ఆర్డర్ వచ్చింది. ఇందులో విలన్ ఎవరో మీరే చెప్పండి. కోపం ఎవరి మీద చూపించాలో తెలీక ఎదురుగా ఉన్న ఖాకీ మీద చూపించే జనం, ఆ కోపం తనది కాదని తెలిసి కూడా గమ్మున నిలబడే కానిస్టేబులు, సినిమా అంటే ఆ ఇద్దరి మధ్య దూరమే. అది ఎంత తక్కువగా చూపిస్తే అంత నొప్పి ఉంటుంది.

2013లో మేం చిన్నపిల్లలం, అసలు అప్పుడు ఏం జరిగిందో రెండు ముక్కల్లో చెప్పగలరా?

2013 జూలై 30న ఢిల్లీలో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణ రాష్ట్రం ఇవ్వాలని తీర్మానం చేసింది. రాష్ట్రాన్ని విడదీయొద్దని ఆ మరుసటి రోజు నుంచే రాయలసీమ, కోస్తాలో బంద్‌లు మొదలైనాయి. ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి ఎన్జీవోలు, అంటే ప్రభుత్వ ఉద్యోగులు, సమ్మెలోకి పోయినారు, 66 రోజులు నడిచింది, ఆర్టీసీ బస్సులు కూడా డిపోల్లో ఆగిపోయినాయి. ఆఫీసులు మూత, స్కూళ్ళు మూత, మన ఎస్వీ యూనివర్సిటీ పిల్లోళ్ళు జేఏసీ పెట్టి రోడ్డెక్కినారు. రాస్తారోకో, మానవహారం, దిష్టిబొమ్మలు, రిలే దీక్షల షామియానాలు, రోజూ ఏదో ఒకటి. 2014 ఫిబ్రవరిలో పార్లమెంటులో బిల్లు పాసైంది, జూన్ 2న రాష్ట్రం రెండైంది. దీనికి ముందు 2009 డిసెంబర్ 9 ప్రకటన తర్వాత కూడా ఇట్లాంటి గొడవే జరిగింది, కొందరు స్క్రిప్టులో ఆ రెండింటినీ కలిపేస్తున్నారు, చూసుకోండి.

అందరూ సమ్మె చేస్తుంటే కానిస్టేబులు కూడా చేయొచ్చు కదా, అట్లా ఒక ట్విస్టు పెడితే?

పెట్టొద్దు, జరగదు. 1966లో వచ్చిన ఒక కేంద్ర చట్టం ప్రకారం పోలీసులు అనుమతి లేకుండా యూనియన్లో చేరకూడదు, రాజకీయ సభల్లో, ప్రదర్శనల్లో పాల్గొనకూడదు. పోలీసు అధికారుల సంఘం అని ఒకటి ఉండాది గానీ అది వినతిపత్రాలు ఇస్తుంది, సమ్మె చేయదు. మీ ట్విస్టు కంటే ఇదే పెద్ద కథ, నన్నడిగితే. తమ్ముడు ఆర్టీసీ డ్రైవరు, సమ్మెలో ఉన్నాడు, జీతం లేదు. భార్య టీచరు, ఆమెకీ జీతం లేదు. ఇంట్లో జీతం వచ్చేది ఒక్క కానిస్టేబులుకే, అది కూడా వాళ్ళ మీద కాపలా కాసినందుకు. మా సినిమాలో ఒక సీను ఉంది, షామియానాలో కూర్చున్నోళ్ళ పేర్లు రాసుకురమ్మని ఎస్సై తెల్లకాగితం ఇస్తాడు, హెడ్ కానిస్టేబుల్ ఒక్కొక్కరినీ అడిగి రాస్తా పోతుంటాడు, పన్నెండో పేరు దగ్గర పెన్ను ఆగుతుంది. ఎదురుగా భార్య. ఆమె ఇంటిపేరుతో సహా చెప్తుంది. జనం ఏడుస్తారని రాసినా, పడీపడీ నవ్వినారు. తర్వాత ఆలోచిస్తే వాళ్ళు నవ్విందే కరెక్టు అనిపించింది.

హీరో ఎస్సై అయితేనే కదా ఎవరైనా చూసేది, కానిస్టేబులుని పెడితే ప్రొడ్యూసర్ ఒప్పుకుంటాడా?

ప్రొడ్యూసర్ సంగతి నాకు తెలీదు గానీ కథకి మాత్రం కానిస్టేబులే బలం. ఎస్సై ఆర్డర్ ఇచ్చి జీపెక్కి ఇంకో సర్కిల్‌కి పోతాడు, కానిస్టేబులు ఆ ఎండలోనే ఉంటాడు. ఉదయం ఐదుకి రోల్‌కాల్, ఆరుకి పాయింట్ దగ్గర, మధ్యాహ్నం అన్నం పొట్లం వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు. పొద్దున కట్టిన సాంబారన్నం మూడున్నరకి చేతికి వచ్చేదంట, విప్పితే పులిసిన వాసన. బాత్రూం యాడ? ఎవరూ అడగరు. మహిళా కానిస్టేబుళ్ళు అయితే పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా నిలబడేవాళ్ళు, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఒక్క విషయం మీద ఎవరైనా ఒక షార్ట్ ఫిల్మ్ తీస్తే బాగుండు, నేనైతే ఫ్రీగా రాసిస్తా.

స్టేషన్‌కి పోయి అడిగితే వాళ్ళ అనుభవాలు చెప్తారా?

సర్వీసులో ఉన్నోళ్ళు చెప్పరు, చెప్పించొద్దు కూడా. ప్రవర్తనా నియమాలు ఉంటాయి, మీకు టీ తాపిచ్చి రెండు మాటలు చెప్పినందుకు ఆయనకి మెమో వస్తే పాపం మీది. రిటైరైనోళ్ళని పట్టుకోండి. సాయంత్రం పూట పార్కుల్లో వాకింగ్‌కి వచ్చే పెద్దమనుషుల్లో నలుగురైదుగురు పాత పోలీసులు ఉంటారు, నడకలోనే తెలిసిపోతుంది. మొదటి రోజు నోట్‌బుక్ తీయొద్దు, ఫోన్ రికార్డింగ్ అసలొద్దు. గొప్పలు అన్నీ అయిపోయినాక మూడో రోజు అసలు కథ చెప్తారు.

పాతది ఎందుకు, ఈ మధ్య గొడవల మీదే తీస్తే?

తీయొచ్చు, చేతులు కాల్చుకోకుండా తీయడం కష్టం. 2023 ఆగస్టు 4న మన పాత చిత్తూరు జిల్లాలోనే పుంగనూరు దగ్గర జరిగిన గొడవలో పోలీసు వాహనాలు తగలబడినాయి, చాలామంది పోలీసులకి దెబ్బలు తగిలినాయి. 2024 మే 13న పోలింగ్ అయిన మర్నాడు పద్మావతి మహిళా యూనివర్సిటీలో స్ట్రాంగ్ రూం దగ్గర దాడి జరిగింది, తర్వాత ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీనే మార్చింది. ఎవరిది తప్పు అనేది కేసుల్లో తేలాల్సిన సంగతి, మీరు సినిమాలో తేల్చేస్తే ఒక పార్టీ పోస్టర్ అవుతుంది అంతే. అంతగా తీయాలనిపిస్తే ఊరు పేరు, పార్టీ పేరు, జెండా రంగు అన్నీ కల్పించి రాసుకోండి, పసుపు, నీలం, ఎరుపు, కాషాయం, మూడు రంగులు ఇవన్నీ పోతే మిగిలిన రంగు వెతుక్కోవడమే ఒక పెద్ద పని, మేం గోధుమ రంగు దగ్గర ఆగినాం.

## స్క్రిప్టులో రూల్స్

లాఠీఛార్జికి ఆర్డర్ ఎవరిస్తారు? కానిస్టేబులు కోపమొచ్చి మొదలుపెట్టొచ్చా?

కోపమొచ్చి మొదలుపెట్టేవాళ్ళు ఉంటారు, అది వేరే సీను. రూలు ప్రకారం అయితే ఐదుగురు లేదా అంతకంటే జాస్తి మంది శాంతికి భంగం కలిగించేట్టు గుమిగూడితే, ముందు వెళ్ళిపొమ్మని చెప్పాలి. ఆ మాట చెప్పే అధికారం ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకి, అంటే తహశీల్దారు, ఆర్డీవో లాంటోళ్ళకి, లేదా స్టేషన్ ఇన్‌ఛార్జి ఆఫీసరుకి, ఆయన లేనప్పుడు ఎస్సైకి తగ్గని ర్యాంకు పోలీసు ఆఫీసరుకి ఉంటుంది. పోకపోతేనే బలప్రయోగం. ఇది పాత సీఆర్‌పీసీలో, అంటే పోలీసులు, కోర్టులు ఎట్లా నడుచుకోవాలో చెప్పే చట్టంలో 129వ సెక్షన్, దాని బదులు ఇప్పుడు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 148. మన సినిమాల్లో ఈ చెప్పడం అనేదాన్ని లేపేస్తారు, నేరుగా కొట్టుడే. అసలు డ్రామా అంతా ఆ మైకులో చెప్పే రెండు నిమిషాల్లో ఉంటుంది. మైకు గరగరమంటా ఉంటుంది, జనం నవ్వుతుంటారు, ముందు వరసలో ఉన్న కానిస్టేబులు వెనక్కి తిరిగి సార్ మొహం చూస్తాడు. ఆ చూపు తీయండి చాలు.

144 సెక్షన్ అని రాయాలా 163 అని రాయాలా?

జనం గుమిగూడకూడదని నిషేధం పెట్టే సెక్షన్ కదా, మీ కథ ఎప్పుడు జరుగుతుందో దాన్ని బట్టి. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చినాయి కాబట్టి అంతకుముందు కథ అయితే 144, తర్వాతది అయితే 163. డ్యూటీలో ఉన్న ఉద్యోగి మీద దాడి చేస్తే నేరాలకి శిక్షలు చెప్పే పాత ఐపీసీలో 353, దాని బదులు ఇప్పుడు వచ్చిన బీఎన్‌ఎస్‌లో 132. పోలీస్ యాక్ట్ 30 మాత్రం 1861 చట్టంలోది, ఊరేగింపులకి, సభలకి పర్మిషన్ కావాలి అని బోర్డు పెడతారు చూడండి, అది. జనం నోట్లో మాత్రం ఇప్పటికీ 144 అనే ఉండాది, కాబట్టి టీ కొట్టు దగ్గర పాత్ర 144 అన్నా తప్పు కాదు, ఎస్సై అంటేనే తప్పు.

ఉద్యమకారుల్ని ముందురోజే ఎత్తుకొచ్చే సీను ఎట్లా రాయాలి?

దాన్ని ముందస్తు అరెస్టు అంటారు, పాత చట్టంలో 151. నేరం జరగకముందే ఆపడానికి వాడతారు, 24 గంటలకి మించి ఉంచకూడదు. బంద్ రోజు మామూలుగా ఎట్లా నడుస్తుందంటే తెల్లారుజామున నాయకుడి ఇంటి తలుపు కొడతారు, ఆయనకి కూడా తెలుసు వస్తారని, స్నానం చేసి రెడీగా ఉంటాడు, ఫోటోగ్రాఫర్ కూడా వచ్చేసి ఉంటాడు. వ్యాన్ ఎక్కేటప్పుడు నినాదం, స్టేషన్లో ఇడ్లీ, సాయంత్రం పూచీకత్తు రాయించుకుని వదిలేస్తారు. పెద్ద నాయకుల సీను ఇట్లా సగం నాటకంలా నడుస్తుంది. పేరులేని స్టూడెంటుని పట్టుకొచ్చినప్పుడు మాత్రం ఫోటోగ్రాఫరూ ఉండడు, ఇడ్లీ కూడా రాదు. రెండూ పక్కపక్కన పెట్టండి, ఎవరూ స్పీచ్ ఇవ్వక్కర్లేదు. ఆడవాళ్ళని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదనే రూలు కూడా గుర్తుపెట్టుకోండి, తప్పనిసరి అయితే మహిళా ఆఫీసరు మెజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

డైలాగులు ఏ యాసలో పెట్టాలి? చిత్తూరు యాస అంటే కామెడీ అనుకుంటారేమో?

అనుకోనీ. మన యాసని కామెడీ చేసింది సినిమావాళ్ళే. కాకపోతే స్టేషన్లో అందరూ ఒకే యాస మాట్లాడరు. ఎస్సై నెల్లూరో కర్నూలో అయి ఉంటాడు, సీఐ ఇంకోచోట, కానిస్టేబులు మాత్రం లోకల్. వైర్‌లెస్ సెట్‌లో ఒక భాష, ఎస్సై ముందు ఒకటి, బండి దగ్గర ఇద్దరే ఉన్నప్పుడు ఇంకొకటి. "ఏం సార్ పొమ్మంటారా" అన్నోడే పక్కనోడితో "యాడికి పోయేది, మా బామ్మర్ది ఉండాడు ఆ గుంపులో" అంటాడు. హెడ్ కానిస్టేబుల్‌ని హెడ్డు, స్టేషన్ రాతపని చూసేవాణ్ణి రైటర్ అంటారు, సీఐని సర్కిల్ సార్ అనే పాతోళ్ళు ఇంకా ఉన్నారు. జై హింద్ సార్ అని ప్రతి సీనులో సెల్యూట్ కొట్టించకండి, మా నాన్న నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

## షూటింగ్ దగ్గర

భుజం మీద స్టార్లు ఎవరికి ఎన్ని? ప్రతిసారీ కామెంట్లలో తిడుతున్నారు.

తిట్టాల్సిందే. హెడ్ కానిస్టేబుల్‌కి స్టార్లు ఉండవు, చేతి మీద మూడు పట్టీలు. ఏఎస్సైకి ఒక స్టార్, ఎస్సైకి రెండు, సీఐకి మూడు, ఈ ముగ్గురికీ భుజం చివర ఎరుపు నీలం రిబ్బన్ ఉంటుంది. డీఎస్పీకి కూడా మూడు స్టార్లే గానీ రిబ్బన్ ఉండదు, అందరూ తప్పు చేసేది ఇక్కడే. అద్దెకి ఇచ్చేవాళ్ళు ఏది చేతికొస్తే అది కుట్టి పంపిస్తారు. మాకు చెన్నై నుంచి వచ్చిన సెట్టులో ఒక ఎస్సైకి ఒక భుజం మీద రెండు, ఇంకో భుజం మీద మూడు ఉన్నాయి, అది ఎడిటింగ్‌లో కనిపెట్టినాం.

యూనిఫాం వేసుకుని రోడ్డు మీద షూట్ చేస్తే నిజం పోలీసులు పట్టుకుంటారా?

చెప్పకుండా చేస్తే పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. మోసం చేసే ఉద్దేశంతో ప్రభుత్వ ఉద్యోగి డ్రెస్సు వేసుకుంటే నేరం. సినిమాకి ఆ ఉద్దేశం లేదనుకోండి, కానీ రోడ్డు మీద పోయేవాడికి అది తెలీదు కదా. ముందుగా ఆ ఏరియా స్టేషన్లో లెటర్ ఇచ్చి, రోడ్డు ఆపాలంటే ట్రాఫిక్ వాళ్ళకి, కార్పొరేషన్‌కి చెప్పుకుని పొండి. షాట్ అయినాక యాక్టరు డ్రెస్సు మీద చొక్కా వేసుకుని టీకి పోవాలి. మా ఆర్టిస్టు ఒకడు అట్లాగే పోయి నిలబడితే, ఒక పెద్దాయన తన బండి ఎత్తుకుపోయినారని గంటసేపు ఫిర్యాదు చెప్పుకున్నాడు, వీడేమో పాత్రలో లీనమై రాసుకుంటా కూర్చున్నాడు.

తిరుమలలో రెండు షాట్లు దొంగగా తీసుకోవచ్చా?

వద్దు. కొండ మీద సినిమా షూటింగులు కుదరవు, డ్రోన్ అయితే అసలే వద్దు, పార్టీ గుర్తులున్న జెండాలు, స్టిక్కర్లు అలిపిరి చెకింగ్ దగ్గరే తీయిస్తారు. కొండ కనపడాలంటే ఊర్లో ఏ మేడ ఎక్కినా కనపడుతుంది, దానికోసం పైకి పోవాల్సిన పని లేదు.

ఇప్పటి తిరుపతిలో 2013 ఎట్లా చూపించాలి?

మొదటి శత్రువు శ్రీనివాస సేతు. బస్టాండు ముందు, లీలామహల్ సర్కిల్ యాడ కెమెరా పెట్టినా ఫ్లైఓవర్ ఫ్రేములో పడుతుంది, అది పూర్తయింది 2023 సెప్టెంబర్‌లో. మేం బస్టాండు సీనులన్నీ లోపల ప్లాట్‌ఫాం మీదే తీసినాం, పాత గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు సందులు బాగా పనికొచ్చినాయి. బండి నంబర్లు ఏపీ 03 ఉండాలి, ఏపీ 39 వచ్చింది 2019లో. తిరుపతి జిల్లా అని బోర్డు కనపడకూడదు, జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న, అప్పటికి కలెక్టరు ఆఫీసు చిత్తూరే. పాత ఐదొందలు, వెయ్యి నోట్లు కావాలి. ఫోన్ పే స్టిక్కరు ప్రతి కొట్టు మీద ఉంటుంది, దాన్ని క్యాలెండర్‌తో కప్పుకుంటా పోవడమే మా అసిస్టెంట్ డైరెక్టరు ఉద్యోగం.

వెయ్యి మంది జనం కావాలి, మా దగ్గర నలభై మందే ఉన్నారు?

నలభై చాలు. జనాన్ని చూపించొద్దు, జనాన్ని చూసే మొహాల్ని చూపించండి, శబ్దం వెనక నుంచి వేసుకోండి. ఇంకోటి, లాఠీలు నిజమైనవి వాడొద్దు, లోపల మెత్తగా ఉండేవి చేయించండి. దెబ్బ తగిలినా తగలకపోయినా మీ ఫ్రెండు భయపడి నటిస్తే చాలు. నిజం లాఠీ క్లోజప్ ఒక్కటే తీయండి. మా నాన్న లాఠీ పిడికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉండేది, చెమటకి జారకుండా, మా సినిమాలో ఉన్న లాఠీ కూడా అదే.

## ఎడిటింగ్, సెన్సార్

యూట్యూబ్‌లో పెట్టుకోవడానికి సెన్సార్ కావాలా?

అక్కర్లేదు. థియేటర్లో గానీ జనం ముందు గానీ వేయాలంటేనే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సర్టిఫికెట్ కావాలి. కాలేజీ ఆడిటోరియం కదా ఎవరు అడుగుతారు అనుకోవద్దు, అడిగేవాడు ఎప్పుడూ మీకు పడనివాడే ఉంటాడు.

పోలీసుల్ని తప్పుగా చూపించినారని సెన్సార్ వాళ్ళు ఆపేస్తారా?

పోలీసుల మీద కథ అయినంత మాత్రాన ఆపరు. వాళ్ళు చూసేది హింస, బూతులు, కులం పేర్లు, నిజం మనుషుల పేర్లు, శాంతిభద్రతలకి ఇబ్బంది వస్తుందా అని. 2023 సవరణ తర్వాత యూఏలోనే, అంటే పిల్లలు పెద్దవాళ్ళ తోడుతో చూసే సర్టిఫికెట్‌లోనే, 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడు వచ్చినాయి. సెన్సార్ కమిటీ చెప్పిన కత్తిరింపులు నచ్చకపోతే రివైజింగ్ కమిటీకి పోవచ్చు. అంతకుముందు పైన ఒక ట్రిబ్యునల్ ఉండేది, 2021లో ఎత్తేసినారు, ఇప్పుడు దాని పైన హైకోర్టే. చిన్న సినిమావాడు హైకోర్టుకి యాడ పోతాడు, రెండు బూతులు మ్యూట్ చేసుకుని వచ్చేస్తాడు. మేమూ అంతే.

పాత టీవీ న్యూస్ క్లిప్పులు వాడుకోవచ్చా?

ఛానెల్ పర్మిషన్ లేకుండా వద్దు. మేం టీవీ వెనక వైపు చూపించి, వాయిస్ మేమే చదివినాం. ఖర్చు సున్నా.

## విడుదలైనాక

పార్టీవాళ్ళు వచ్చి గొడవ చేస్తే?

మాకు రెండు వైపుల నుంచీ ఫోన్లు వచ్చినాయి, ఇద్దరూ ఇది అవతలివాళ్ళు తీయించిన సినిమా అన్నారు. ఇద్దర్నీ ఒకే షోకి పిలిచినాం, ఎవరూ రాలేదు.

మీ నాన్న చూసినాడా? పోలీసు కుటుంబాలు ఏమన్నాయి?

ఆడవాళ్ళు ఎక్కువ మాట్లాడినారు. సినిమాలో భార్య రాత్రిపూట అన్నం మీద మూత పెట్టి పడుకుంటుంది, ఒకామె దాన్ని పట్టుకుని, మూత పెట్టి పడుకునేది ఎవరమ్మా, కూర్చునే ఉంటాం, ఊర్లో రాళ్ళు పడ్డాయని తెలిసిన రోజు అన్నం వండను కూడా వండం అనింది. నేను అంత దగ్గరి నుంచి చూసి కూడా రాయలేకపోయినా. మా నాన్న చివరి వరసలో కూర్చుని మొత్తం చూసినాడు. లైట్లు వేసినాక దగ్గరికి పిలిచి, "బెల్టు బకిల్ బ్రాసోతో తోముకోకుండా ఏ కానిస్టేబులు రోల్‌కాల్‌కి వస్తాడురా" అన్నాడు. ఇంటికి పోయేదాకా ఇంకేం మాట్లాడలేదు.